మూడో క్లబ్బు

క్లబ్బులో ఆమె అసలు పేరు చెబితే సగం మందికి తెలియదు. రూలమ్మ అంటే గేటు కాపలా మనిషి నుంచి అధ్యక్షుడి దాకా అందరికీ తెలుసు. ఆ ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో పద్దెనిమిదేళ్లు ఆటగాళ్ల నమోదు గుమాస్తాగా పనిచేసింది. ఏ ఆటగాడు ఏ తేదీ నుంచి ఆడవచ్చు, ఎవరి కార్డు గడువు ఎప్పటికి తీరుతుంది, పాత క్లబ్బు నుంచి రావలసిన కాగితం ఎవరి బల్ల మీద నిద్రపోతోంది, ఇవన్నీ ఆమెకు కంఠతా. ఆ పద్దెనిమిదేళ్లలో కోచ్‌లు ఏడుగురు మారారు. “రూలమ్మని అడిగారా?” అన్న మాట మాత్రం మారలేదు.

ఆ ఉద్యోగం మూడు నెలల కిందట మానేసింది. ఎవరూ పొమ్మనలేదు. ఆటగాళ్ల ఏజెంటుగా లైసెన్సు కావాలంటే అంతర్జాతీయ సమాఖ్య పెట్టే పరీక్ష రాయాలి. దరఖాస్తు చేసే నాటికే ఏ క్లబ్బులోనూ ఉద్యోగిగా ఉండకూడదన్నది అందులో నియమం.

“పాసయ్యాక మానెయ్యొచ్చుగా?” అన్నాడు భర్త.

“దరఖాస్తులోనే సంతకం పెట్టాలండీ. అబద్ధం మీద సంతకం పెట్టి మొదలుపెడితే ఇంక ఆ లైసెన్సు దేనికి?”

ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. తాడు తెగాక చూసుకుందాంలే అనే అలవాటు ఆయన పనిలో లేదు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఏజెంటు అవుదామన్న ఆలోచన ఆమెకు ఒక్క రోజులో పుట్టలేదు. ఆమె బల్ల ముందు నిలబడి ఎందరో కుర్రాళ్లు కాంట్రాక్టు మీద సంతకాలు పెట్టారు. “చదివావా?” అని అడిగితే “మా ఏజెంటు చదివారు మేడం” అనేవారు. ఆ ఏజెంటు బయట కారులో కూర్చుని ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ ఉండేవాడు. ఆరు నెలల తర్వాత అదే కుర్రాడు వచ్చి ఫలానా షరతుకి అర్థం ఏమిటని అడిగేవాడు. అప్పుడు ఆమె చెప్పగలిగింది అర్థం మాత్రమే. సంతకానికి ముందే చెప్పే మనిషి తాను కావాలని ఆమెకు ఉండేది.

పరీక్షలో ఇరవై ప్రశ్నలు, గంట సమయం. పదిహేను ఒప్పయితే గట్టెక్కినట్టు. పుస్తకం పక్కన పెట్టుకోవచ్చు. ఆ సంగతి విన్నవాళ్లంతా “ఇంకేం, చూసి రాయడమేగా” అన్నారు. పుస్తకం అంటే ఐదు వందల పేజీల పైమాటే. ఆటగాళ్ల బదిలీలు, ఏజెంట్ల నియమాలు, క్రమశిక్షణ, నైతిక నియమావళి, పిల్లల రక్షణ. ఒక్కో ప్రశ్నకి మూడు నిమిషాలు. ఏది ఎక్కడుందో వేళ్లకి తెలియకపోతే పేజీలు తిప్పడంలోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ప్రశ్నలు అడిగే పని అత్తగారు తీసుకుంది. ఆవిడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైంది. బంతి ఏ ఆకారంలో ఉంటుందో తప్ప ఫుట్‌బాల్ గురించి ఆవిడకేమీ తెలియదు. కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, దూరపు ఊరి కాల్ కలుపుతున్నట్టు ప్రతి అక్షరం ఒత్తి చదివేది. జవాబు తప్పయితే, “క్షమించాలి, మీరు చెప్పిన సమాధానం సరైనది కాదు” అనేది.

బుధవారం పరీక్ష. అంతకు ముందు ఆదివారం పొద్దున వంటగది బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. కిటికీ పక్కన భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. పన్నెండు కావడానికి పది నిమిషాలు ఉంది. అప్పటికి ఇరవై రెండు ప్రశ్నల్లో పంతొమ్మిది ఒప్పు.

“ఇరవై మూడు,” అంది అత్తగారు. “ఒక ఆటగాడు సీజను మొదట్లో ఒకటో క్లబ్బు తరఫున ఒక అధికారిక మ్యాచ్ ఆడాడు. తర్వాత రెండో క్లబ్బుకి మారి పది అధికారిక మ్యాచ్‌లు ఆడాడు. అదే సీజనులో మూడో క్లబ్బు అతన్ని నమోదు చేసుకుంది. అతను మూడో క్లబ్బు తరఫున అధికారిక మ్యాచ్ ఆడవచ్చా?”

“ఆడొచ్చు. సీజనుకి మూడు క్లబ్బులు.” ఆలోచించకుండానే చెప్పింది.

“క్షమించాలి, మీరు చెప్పిన...”

“ఒప్పే అత్తయ్యా. సరిగ్గా చూడండి.”

“నేను చూసే చెబుతున్నా. ఆడకూడదు అని ఉంది ఇక్కడ.”

ఆమె పుస్తకం లాక్కుంది. బదిలీల భాగం, నమోదు అధ్యాయం. వేలు వాక్యం మీదికి వెళ్లింది. ఒక సీజనులో ఆటగాడు గరిష్ఠంగా మూడు క్లబ్బులలో నమోదు కావచ్చు. అది ఆమెకు తెలిసిందే. దాని పక్కనే ఇంకో వాక్యం ఉంది. ఆ కాలంలో అధికారిక మ్యాచ్‌లు ఆడే అర్హత మాత్రం రెండు క్లబ్బుల తరఫునే.

ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. పెద్దక్షరాలతో లేదు, చిన్నక్షరాలతో లేదు. మిగతా వాక్యాలలాగే ఉంది. దాన్ని తాను ఎన్నడూ చదవలేదని ఆమెకు అర్థమైంది.

తొమ్మిదేళ్ల కిందట ఆఫీసులో ఎవరు ఫోన్ చేసినా వెంటనే చెప్పడానికి వీలుగా ముఖ్యమైన నియమాలన్నీ ఒక అట్ట మీద చేత్తో రాసి గోడకి అంటించింది. అప్పట్లో ఆమె చేతిలో ఉన్నది పుస్తకం కాదు, ఎవరో ఇచ్చిన ఫోటోకాపీ. మొదటి వాక్యం దగ్గర పేజీ అయిపోయింది. రెండో వాక్యం తర్వాతి పేజీకి వెళ్లి ఉండాలి. ఆ పేజీ కట్టలో ఉందో లేదో కూడా ఆమె చూడలేదు. ‘సీజనుకి మూడు క్లబ్బులు, సరే’ అని ఎర్ర సిరాతో రాసింది. ఆ తొమ్మిదేళ్లలో ఒకే సీజనులో తమది మూడో క్లబ్బుగా ఎవరూ రాలేదు. అందుకే ఆ అట్ట తప్పని ఎవరూ కనుక్కోలేదు.

ఇప్పుడు ఒకడొచ్చాడు.

ఎడంకాలు. జట్టులో వాడిని అందరూ అలాగే పిలుస్తారు. ఇరవై రెండేళ్లవాడు, ఎడమ అంచున గాలిలా పరిగెత్తుతాడని పేరు. పది రోజుల కిందట క్లబ్బు తీసుకుంది. వచ్చిన మూడో రోజే ఎవరో చెప్పగా రూలమ్మ ఇంటికొచ్చి సోఫా అంచున కూర్చున్నాడు.

“మీకు లైసెన్సు వస్తే నా పని మీరే చూడాలి మేడం.”

“లైసెన్సు వచ్చేదాకా ఆ మాట ఎత్తకు. ఎత్తితే నాకు తప్పు. మంచినీళ్లు తాగు, ఆట గురించి చెప్పు.”

అత్తగారు అడుగుతుంటే వాడు చెప్పాడు. సీజను మొదట్లో ఉన్న క్లబ్బులో ఆడిందే లేదట. “వానలో ఒక్కసారి దింపారు బామ్మగారూ. పదకొండు నిమిషాలు. బంతి నాలుగుసార్లు కాలికి తగిలింది. అందులో రెండు రిఫరీ తన్నినవే.” అత్తగారు అరగంట నవ్వింది. వెళ్తూ వెళ్తూ వాడు, “బుధవారం తర్వాత మొదటి సంతకం నాదే మేడం. ఇది మాత్రం అనుకోనివ్వండి” అన్నాడు.

రెండో క్లబ్బులో పద్నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. ఇవాళ నాలుగు గంటలకి మూడో క్లబ్బు తరఫున మొదటిసారి దిగబోతున్నాడు. వాడి నమోదు కాగితం మీద సంతకం ఆమె తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన గుమాస్తాది. గోడ మీది అట్ట మాత్రం ఆమెది.

“ఏమైంది?” అన్నాడు భర్త ఇస్త్రీపెట్టె నిలబెట్టి.

చెప్పింది. ఆయన, “ఆ పదకొండు నిమిషాల సంగతి క్లబ్బులో ఎవరికైనా తెలుసా?” అన్నాడు.

“తెలిసినా ఏం లాభం, అట్ట మీద సరే అని ఉందిగా. అది ఉత్త స్నేహపూర్వక మ్యాచ్ అయితే ఏ గొడవా లేదు. అధికారిక మ్యాచ్ అయితేనే.”

“అయితే మ్యాచ్ రద్దవుతుందా?”

“అవతలివాళ్లకి గెలుపు రాసిస్తారు. వీడికి శిక్ష. సంతకం పెట్టినాయన ఉద్యోగం ఊడుతుంది.”

“నీకు?”

“నాకేమీ కాదు. నేనిప్పుడు బయటిదాన్ని.” ఆ మాట ఆమెకే చప్పగా వినిపించింది. “చెబితేనే అవుతుంది. రూలమ్మకే రూలు తెలీదంటారు. సగం రూలు చదివిన మనిషి దగ్గరికి ఎవడొస్తాడు?”

అత్తగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ముందు అది ఏ మ్యాచో కనుక్కో అమ్మాయ్. లైను కలవకముందే ఏడుపెందుకు?”

మొదటి క్లబ్బు గుమాస్తా ఆమెకు పదేళ్లుగా ఫోన్లో పరిచయం. ముఖాలు చూసుకోలేదు కానీ దగ్గు విని మనిషిని గుర్తుపట్టేంత స్నేహం. ఆదివారమైనా ఎత్తాడు.

“చెప్పమ్మా. ఉద్యోగం మానేశావటగా, ఇంకా కాగితాలు వదలవా?”

“ఒక్కటే కాగితం అన్నగారూ.” ఎడంకాలి పేరు చెప్పింది. “మీ దగ్గర సీజను మొదట్లో ఒక మ్యాచ్‌లో చివర్న దిగాడట. వానలో. అది కప్పు మ్యాచా, ఉత్తదా?”

అవతల ఆయన దగ్గాడు.

“ఆ వారంలో మాకు రెండు జరిగాయి. ఒకటి ఉత్తది. ఒకటి కప్పు తొలి రౌండు. రెండూ వానలోనే. కప్పుదైతే మధ్యలో దిగినవాళ్ల పేర్లు బయట ఎక్కడా ఉండవు. రిఫరీ రిపోర్టులోనే ఉంటాయి. అది నా బీరువాలో ఉంది.”

“కాస్త చూస్తారా?”

“అమ్మా, నువ్వెందుకు అడుగుతున్నావో నాకు తెలిసింది. మీవాళ్లది ఇవాళ మ్యాచ్ కదా.” గొంతు తగ్గించాడు. “మా దగ్గర పద్ధతి నీకు తెలుసు. బీరువా తీస్తే ఎవరు అడిగారు, ఏమడిగారు, ఏం చెప్పాను, మూడూ రిజిస్టరులో రాయాలి. రాశాక అది ఉన్నట్టు. తియ్యకపోతే ఎవరికీ ఏమీ తెలియదు, నాక్కూడా. ఆ కాగితం కోసం ఇప్పటిదాకా ఎవరూ రాలేదు, ఇక రారు కూడా. తియ్యమంటావా, వద్దంటావా?”

ఆమె కిటికీ వైపు చూసింది. భర్త ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ చేస్తున్నాడు. వద్దు అంటే చాలు. ఒక్క మాట. అన్నగారు తిండి దగ్గరికి వెళ్తాడు, ఎడంకాలు బూట్లు కట్టుకుంటాడు, బుధవారం ఆమె పరీక్ష రాస్తుంది. పదకొండు నిమిషాలు బీరువాలో ఉండిపోతాయి. ఎప్పుడైనా ఎవరైనా తీస్తే అప్పటికి ఆ కుర్రాడు పది మ్యాచ్‌లు ఆడి ఉంటాడు. ఆ పదీ పోతాయి.

“తియ్యండి,” అంది.

“ఆలోచించుకున్నావా?”

“తియ్యండి అన్నగారూ. నా పేరే రాయండి.”

గంటన్నర తర్వాత ఆయన తన ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. పలకరింపు లేకుండానే చెప్పాడు. కప్పు తొలి రౌండు. డెబ్బై తొమ్మిదో నిమిషంలో దిగాడు. అధికారిక మ్యాచ్.

జట్టు జాబితా మ్యాచ్‌కి గంట ముందు ఇవ్వాలి. అంటే మూడింటికి. భర్త స్కూటర్ మీద క్లబ్బు చేరేసరికి రెండున్నర దాటింది. మైదానం చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. కాపలా మనిషి ఆమెను చూసి, “రూలమ్మగారూ, ఇవాళ మన కొత్తాయన దిగుతున్నాడు, మంచి సీటు చూసి కూర్చోండి” అన్నాడు. ఆమె తల ఊపి మెట్లెక్కింది.

ఆఫీసులో కొత్త గుమాస్తా జాబితా టైపు చేసి ప్రింటరు దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. ఇదివరకు టికెట్ల కౌంటర్‌లో ఉండేవాడు, అందుకని అందరూ కౌంటరాయన అంటారు. ఆమె వెళ్లిపోయే ముందు నెల రోజులు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది.

“అక్కా, మీరా? కూర్చోండి.”

“పదకొండో నంబరు తీసెయ్యండి. ఎడంకాలు ఆడకూడదు.”

నవ్వబోయి ఆగాడు. ఆమె పుస్తకం తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టింది. బీరువా సంగతి చెప్పింది. ఆయన వాక్యం చదివాడు, గోడ వైపు చూశాడు, మళ్లీ వాక్యం చదివాడు.

“అక్కా, ఇది మీ చేతిరాతే కదా.” అట్ట దగ్గరికి వెళ్లి ఎర్ర సిరా మీద చెయ్యి పెట్టాడు. “మూడు క్లబ్బులు, సరే అని ఉంది. అనుమానం వస్తే ఇది చూడమన్నది మీరే. నేను చూసే సంతకం పెట్టాను.”

“తెలుసు. తప్పు నాది. సగమే రాశాను.”

“నాకు ఇద్దరు పిల్లలు అక్కా.”

“అందుకే రాసిస్తాను. మీరు నా కాగితం చూసి చేశారని, ఆ కాగితం తప్పని. ముందు నంబరు తియ్యండి.”

అప్పుడే కోచ్ లోపలికి వచ్చాడు, జాబితా కోసం. సంగతి విని ముందు కౌంటరాయన్ని చూశాడు, తర్వాత ఆమెను.

“ఎవరు ఫిర్యాదు చేశారు?”

“ఎవరూ చెయ్యలేదు.”

“మరి?”

“నేను అడిగాను. అది కప్పు మ్యాచే. అక్కడ రిజిస్టరులో ఎక్కింది.”

“మీరు అడిగారా?” కోచ్ గొంతు పెంచలేదు. పెంచకపోవడమే కష్టంగా ఉంది. “మీరిక్కడ పనిచేయడం మానేసి మూడు నెలలైంది. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని, ఎవరికీ పట్టని పదకొండు నిమిషాలు తవ్వి తీశారు. వాడు లేకపోతే ఎడమవైపు నాకెవరున్నారో తెలుసా?”

“తెలుసు.”

“పరీక్ష బాగా చదువుతున్నారన్నమాట. పద్దెనిమిదేళ్లు చదవనిది ఇప్పుడు చదివారు.”

ఆ మాట నిజమే. గడియారంలో రెండు నలభై ఆరు. కోచ్ జాబితా తీసుకుని, పదకొండో నంబరు మీద కలంతో గీత కొట్టాడు. అది కాగితాన్ని చింపుకుంటూ పోయింది. పక్కన ఇంకో పేరు రాశాడు.

“వాడికి మీరే చెప్పండి,” అని వెళ్లిపోయాడు.

ఆమె ముందు కూర్చుని రాసింది. తొమ్మిదేళ్ల కిందట తాను రాసిన అట్టలో నియమం సగమే ఉందని, ఇప్పటి గుమాస్తా దాన్ని నమ్మి సంతకం పెట్టాడని, అతని తప్పు లేదని. తేదీ వేసి సంతకం పెట్టి కౌంటరాయన చేతికిచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, మళ్లీ తీసి ఫైల్లో పెట్టాడు. ధన్యవాదాలు చెప్పలేదు. జాబితా మళ్లీ టైపు చేయడానికి కూర్చున్నాడు, ఒక్కో అక్షరమే కొడుతూ.

ఎడంకాలు నడవాలో బెంచీ మీద కూర్చుని చీలమండకి పట్టీ చుట్టుకుంటున్నాడు. ఆమెను చూడగానే లేచాడు.

“మేడం, చూడ్డానికి వచ్చారా?”

చెప్పింది. తాను రాసిన అట్ట సంగతి కూడా దాచకుండా చెప్పింది. వాడు పట్టీ చుట్టడం ఆపలేదు. చివరిదాకా చుట్టి, అంటించి, అప్పుడు విప్పడం మొదలుపెట్టాడు.

“ఎన్నాళ్లు?”

“సీజను అయ్యేదాకా. పద్నాలుగు వారాలు.”

“నన్ను తీసుకునే ముందే చెప్పుంటే రెండో క్లబ్బులోనే ఉండేవాణ్ని కదా. అక్కడ రోజూ ఆడేవాణ్ని.”

“అవును.”

“మీ దగ్గరికి వచ్చినప్పుడు నేను చెప్పాను కూడా. పదకొండు నిమిషాలని. మీరు విన్నారు.”

“విన్నాను. అప్పటికి నాకు ఆ రూలు తెలియదు.”

వాడు తలుపు వైపు చూశాడు. లోపల మిగతావాళ్లు బూట్లు టకటకలాడిస్తూ తిరుగుతున్నారు, ఎవరో పాట పాడుతున్నారు. సంచి భుజానికి తగిలించుకుని వాడు బయటికి నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది. వెళ్లాలో వద్దో తెలియక వెళ్లింది.

స్టాండ్‌లో చివరి వరసలో కూర్చున్నాడు. ఆమె రెండు కుర్చీలు వదిలి కూర్చుంది. జట్టు జాబితా మైకులో చదివారు. పదకొండో నంబరు రాలేదని జనంలో గుసగుస లేచింది. కింది వరసలో ఒకాయన, “దెబ్బ తగిలిందేమో” అన్నాడు.

“నా కాంట్రాక్టులో ఒక షరతుంది,” అన్నాడు ఎడంకాలు ఆమె వైపు తిరగకుండా. “సీజనులో పది మ్యాచ్‌లు ఆడకపోతే వాళ్లు వదిలించుకోవచ్చని. ఇలా ఆడలేకపోయినా అది పనిచేస్తుందా?”

అలాంటి షరతు ఆమెకు కొత్త కాదు. దాని మీద ఎలా వాదించాలో, ముందు ఎవరికి ఉత్తరం రాయాలో, అందులో ఏ మాట రాయాలో, ఏ మాట రాయకూడదో అన్నీ తెలుసు. మూడు నెలలుగా చదువుతున్నదే అది. నోటి దాకా వచ్చింది.

“అది నేనిప్పుడు చెప్పకూడదు,” అంది. “లైసెన్సు లేకుండా నీ తరఫున ఒక్క మాట మాట్లాడినా తప్పే. రేపు పొద్దున ఆటగాళ్ల సంఘం ఆఫీసుకి వెళ్లు. అక్కడ వకీలు ఉంటాడు. కాంట్రాక్టు తీసుకెళ్లు. ఇవాళ నేను రాసిచ్చిన కాగితం నకలు కౌంటరాయన్ని అడిగి తీసుకో, అది నీకు పనికొస్తుంది. బుధవారం పరీక్ష గట్టెక్కి లైసెన్సు చేతికొస్తే అప్పుడు నన్ను అడుగు.”

“అప్పుడు మిమ్మల్నే అడగాలని ఏముంది?”

వాడు ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగాడు. పెద్దవాళ్లని దారి అడిగినట్టు.

పద్దెనిమిదేళ్ల అనుభవం అనవచ్చు. తప్పు ఒప్పుకున్నాను కదా అనవచ్చు. ఆ రెండూ సంతకం అడిగే మాటలు. కారులో కూర్చున్న ఆ ఏజెంటు కూడా అలాంటివే చెప్పి ఉంటాడు.

“ఏమీ లేదు,” అంది.

వాడు తల ఊపాడు. రిఫరీ ఈల వేశాడు. ఆట మొదలైన నిమిషానికే మధ్యలోంచి ఒక పొడుగాటి బంతి ఎడమ అంచుకి వచ్చింది. వాడి బదులు దిగినవాడు పరిగెత్తాడు, అందుకోలేకపోయాడు, బంతి గీత దాటింది. జనం అసహనంగా మూలిగారు.

“కొంచెం ముందు కదలాలి,” అన్నాడు ఎడంకాలు తనలో తను. సంచి ఒళ్లోంచి తీసి కాళ్ల మధ్య పెట్టుకుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, మైదానం వైపు వంగి కూర్చున్నాడు. ఆమె లేవలేదు. లేవమని వాడూ అనలేదు. మళ్లీ బంతి ఎడమవైపుకే వస్తోంది.